ఆరు గుంటల లెక్క

గౌరీశ్వరి డిగ్రీలో ఫిజిక్సు రెండో ఏడు చదువుతుండగా తండ్రి కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డాడు. చదువు మాని పలాస బజారులో డీటీపీ షాపులో టైపుకి కుదిరింది. ఆరేళ్లుగా పెళ్లి పత్రికలూ కరపత్రాలూ కొట్టిన ఆ వేళ్లకి, 2004 వేసవిలో టెక్కలి లెక్చరర్ మన్మథరావు తన పీహెచ్‌డీ థీసిస్ అప్పగించాడు. ఆ రోజు నుంచీ ఆమెకి నిలకడ లేదు.

అంతకు మించి చల్లబరచడం సాధ్యం కాదన్న అంచు దాకా ఒక వాయువును చల్లబరిచి, లేజర్ వెలుగుతో ఏర్పరచిన గుంటల్లో ఉంచుతారట. గుంటలకు లోతు లేనప్పుడు ప్రతి పరమాణువూ అన్నిటా పరుచుకుని ఉంటుంది. లోతు పెంచుతూ పోతే, ఒక హద్దు దాటగానే గుంటకొకటిగా బిగుసుకుంటాయి. అంత చలిలోనూ కదలిక చావదన్న వాక్యం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస.

ఆ హద్దు రెండో అధ్యాయంలో ముప్పై ఐదు, ఐదో అధ్యాయంలో ఇరవై మూడు అని ఉంది. ఒక గుంటను ఆనుకుని ఎన్ని ఎక్కువ గుంటలుంటే, ఆ అంకె అంత పెద్దదట. కరపత్రం వెనక బొమ్మ గీసి చూసుకుంది. మర్నాడే టెక్కలి బస్సెక్కింది.

“మేస్టారూ, ఒక్కో గుంట సుట్టూ ఎన్ని గుంటలండీ?”

“కుడీ ఎడమా, ముందూ ఎనకా, పైనా కిందా. ఆరు. ఏటమ్మా?”

“ఐదో సాప్టర్లో నాలుగే లెక్కేసినారండి. పైదీ కిందదీ ఒగ్గేసినారు.”

ఆయన ముఖం మాడిపోయింది. “నిన్ను టైపు సెయ్యమన్నానా, తప్పులు పట్టమన్నానా? ఎల్లు!”

తొమ్మిది రోజులు ఫోనైనా లేదు. షాపు తలుపు చప్పుడైతే చాలు, గౌరీశ్వరి ఉలిక్కిపడి లేచేది. పదో రోజు ఆయనే వచ్చాడు, మాసిన గడ్డంతో.

“ఒక్క పొర గుంటలకి రాసిన పాత ప్రోగ్రామమ్మా. మార్సడం మరిసిపోనాను. గ్రాఫులన్నీ మళ్లీ సెయ్యాల.”

నాలుగు నెలలు పట్టింది. ఆఖర్న కృతజ్ఞతల పేజీ తెచ్చాడు. ‘చక్కగా టైపు చేసిన గౌరీశ్వరికి’ అని ఉంది. ఆమె కీబోర్డు ముట్టలేదు.

“తప్పు పట్టిందని రాయండి, మేస్టారూ.”

ఆయన కలం తీసి ఆ మాట కొట్టేసి, ఆమె అడిగినట్టే రాశాడు.

ఆ వారమే ఆమె కాలేజీకి వెళ్లి మళ్లీ చేర్చుకోమని అడిగింది. యూనివర్సిటీ అనుమతి కావాలన్నారు. మూడుసార్లు తిరిగి తెచ్చుకుంది. మరుసటి ఏడు జూన్‌లో, తనకంటే ఏడేళ్లు చిన్నవాళ్ల మధ్య రెండో ఏడు క్లాసులో కూర్చుంది.