ఇన్నయ్య ఇచ్చే సగం కాగితం

రోజూ పొద్దున పదింటికి అటెండరు ఇన్నయ్య యూనివర్సిటీ లైబ్రరీలో పత్రికల హాలు తాళం తీసేవాడు. బల్లలు తుడిచేవాడు. కొత్తగా వచ్చిన విదేశీ పత్రికల్లోంచి మనసుకు నచ్చిన పేజీ ఒకటి జిరాక్సు తీసేవాడు. స్టీలు స్కేలు పెట్టి దాన్ని నిలువునా సగానికి చింపేవాడు. ఒక సగం మీకిచ్చేవాడు. రెండోది ఇంకెవరికో ఇచ్చేవాడు. ఇన్నయ్య ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఎవరికీ ఏదీ పూర్తిగా ఇచ్చిన పాపాన పోలేదు.

"గిది సూడుండ్రి సార్. గీ కుర్చీకి మూడే కాళ్లు. అయినా పడదు!"

"ఎందుకు పడదు ఇన్నయ్యా?"

"గది ఆ సగంల ఉన్నది. ఆ సగం హిస్టరీ సార్ తాన ఉన్నది."

కుర్చీలు, ఇళ్లు, కెమెరాలు, సినిమాల మీద వచ్చే ఆ పత్రికలకు ఎప్పుడు ఎవరు చందా కట్టారో ఎవరికీ గుర్తులేదు. అవి మాత్రం ఆగకుండా వస్తూనే ఉండేవి. ఇన్నయ్య తప్ప వాటి కవరు చింపిన నాథుడు లేడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాడు గానీ, బొమ్మ చూశాడంటే సంగతి పట్టేసేవాడు. పట్టేశాక ఆ సంగతి ఆయన కడుపులో నిలిచేది కాదు.

ఒకసారి సుందరరావు మాస్టారు కొత్త కెమెరా కొన్నారు. లెన్సు శుభ్రం చేసుకునే విధానం ఉన్న పేజీని ఇన్నయ్య ఆయనకిచ్చాడు, అలవాటు ప్రకారం సగమే. మాస్టారు శ్రద్ధగా చదివి లెన్సు విప్పేశారు. బిగించడం రెండో సగంలో ఉంది. అది లైబ్రేరియన్ దగ్గరుంది. ఆయనకూ మాస్టారికీ ఆరేళ్లుగా మాటల్లేవు. మాస్టారు విప్పిన ముక్కల్ని జేబురుమాలులో మూటగట్టుకుని, తిట్టుకుంటూ లైబ్రేరియన్ గది తలుపు తట్టారు. ఆ కబురు తెలిసి క్యాంపస్ అంతా వారం రోజులు నవ్వింది.

సినిమాలదీ అదే వరస. చదివిన కథను ఇంటర్వల్ దాకా చాయ్ బండి చిట్టెమ్మకూ, ఆ పైది వాచ్‌మన్ ఎంకన్నకూ చెప్పేవాడు. "మరి గా పిల్లను సంపింది ఎవడు?" అని చిట్టెమ్మ గరిటె పట్టుకుని ఎంకన్న కోసం గేటు దాకా పోయేది. "ముందుగాల గా పిల్ల ఎవలో నాకు జెప్పు!" అని ఎంకన్న మొత్తుకునేవాడు.

పాటలు మరీ అన్యాయం. పత్రికల అట్టలకు అంటించి సీడీలు వచ్చేవి. మనిషి గొంతుగానీ వీణా తబలా గానీ లేకుండా, అంతా కంప్యూటర్ల మీద చేసిన సంగీతం. దాన్ని చిన్న ప్లేయర్‌లోకి ఎక్కించుకుని, ఎదురుపడ్డవాళ్ల చెవిలో ఒక్కటంటే ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టేవాడు. ఎడమ చెవికి టుక్ టుక్ మని కుళాయి కారుతున్నట్టు ఉండేది. రాగం కుడివైపు ఉండేది. కుడివైపు ఇంకెవరికో వినిపించేవాడు.

ఇదంతా కౌముది కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చూస్తూ ఉండేది. చూడటం తప్ప ఆ పిల్లకు అక్కడ ఇంకో పని లేదు.

అది రెండువేల పదో సంవత్సరం మొదట్లో మాట. తెలంగాణ కోసం క్యాంపస్ అంతా రోడ్డు మీదే ఉంది. క్లాసులు బహిష్కరించారు. ఆర్ట్స్ కాలేజీ ముందు టెంటు వేసి రిలే దీక్షలు చేస్తున్నారు. డ్యూటీ దిగాక ఇన్నయ్య కూడా పోయి అందులో కూర్చునేవాడు. కూర్చున్నవాడు ఊరుకోక, "గీ గుంజ గీడ కాదు, గాడ పాతాలె. గాలికి తొవ్వ ఇడవాలె" అని నినాదాల మధ్యలో టెంటు పీకించి మళ్లీ వేయించాడు. నిజంగానే గాలి ఆడింది.

కౌముది తార్నాకలోనే పుట్టింది. మాట మాత్రం తెనాలిది. అమ్మ సుబ్బలక్ష్మి నోట్లోంచి నేరుగా దిగిన మాట. తనను ఎవరూ ఏమీ అనలేదు. అయినా, తాను నోరు తెరిచి ఒక్క "అండీ" అంటే చాలు, నలభై తలలు తనవైపు తిరుగుతాయని ఆ పిల్ల తనంతట తానే తీర్మానించుకుంది. తెలుగు ఎం.ఏ. చదువుతూ తెలుగు మాట్లాడని విద్యార్థిని ఆ శాఖలో ఆమె ఒక్కతే. పొద్దున్నే వచ్చేది. బ్యాగును పక్క కుర్చీలో పెట్టేది, ఎవరో వస్తారన్నట్టు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, ఒక్కతే తిని, చీకటి పడకముందే ఇంటికి పోయేది. ఇంట్లో నాన్న శ్రీనివాసరావు "ఫ్రెండ్స్ ఎలా ఉన్నారమ్మా?" అంటే, "బాగున్నారు నాన్నా" అనేది.

ఒకరోజు ఇన్నయ్య దుమ్ము గుడ్డతో బల్ల దగ్గర ఆగాడు.

"గీ కుర్చీల ఎవరన్న కూసుంటరా బిడ్డా?"

"వస్తారండీ."

"ఎవరు?"

కౌముది బ్యాగు వైపు చూసింది. ఇన్నయ్య తల ఊపి, ఒక సగం కాగితం బల్ల మీద పెట్టాడు. ఏ దేశంలోదో ఒక ఇల్లు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతిమెట్లు ఏ ఆధారమూ లేకుండా పైకి పోతున్నాయి. ఎనిమిదో మెట్టు దగ్గర కాగితం అయిపోయింది.

"పైన ఏముందండీ?"

"శైలజమ్మ తాన ఉన్నది. మీ క్లాసే. అడుగు."

కౌముది అడగలేదు. శైలజ శిబిరంలో ముందు వరసలో కూర్చునే పిల్ల. ఆమె చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. కౌముది ఆ మెట్ల కాగితాన్ని నోట్‌బుక్‌లో దాచుకుని, రోజూ తీసి ఎనిమిదో మెట్టు దాకా ఎక్కి దిగేది.

పదకొండు రోజులు గడిచాయి. గుంటూరులో మేనమామ అక్కడి కాలేజీలో సీటు మాట్లాడాడు. ఇక్కడ నోరు విప్పకుండా ఇంకో ఏడాది గడపలేనని కౌముదికి తేలిపోయింది. టీసీ దరఖాస్తు నింపుకుని సంతకాలన్నీ చేయించుకుంది. చివరగా లైబ్రరీవాళ్లు నో డ్యూస్ ముద్ర వేయాలి. ఆ ముద్ర ఇన్నయ్య సొరుగులో ఉంటుంది.

ఇన్నయ్య దరఖాస్తు తిరగేసి మరగేసి చూశాడు.

"పుస్తకాలు అన్ని ఒచ్చినయి. కాయితం రాలే."

"ఏ కాగితమండీ?"

"మెట్లది. రెండు సగాలు జమైతేనే ముద్ర."

అలాంటి రూలు ఏ లైబ్రరీలోనూ ఉండదు. ఆ మాట అనాలంటే వాదించాలి. వాదించాలంటే మాట్లాడాలి. దానికంటే శిబిరానికి పోవడమే నయమనిపించింది.

టెంటు కింద శైలజ చాప మీద కూర్చుని ఉంది. కౌముది తన సగం ముందుకు చాచి, దారిపొడవునా వల్లించుకున్న వాక్యం మర్చిపోయి నిలబడింది.

శైలజ కాగితాన్ని చూసింది. "ఓహో, నా సగం ఒచ్చిందా? ఇన్నయ్య కాక పదకొండు రోజుల సంది సతాయిస్తుండు, పోయి అడుగు, పోయి అడుగని. నువ్వేమో బ్యాగుకు కుర్చీ ఇస్తవు గని మనిషికియ్యవు. నేనెక్కడ కూసోవాలె?"

శైలజ తన సంచిలోంచి రెండో సగం తీసి పక్కన పెట్టింది.

అవి అతకలేదు.

శైలజ సగంలో ఉన్నది ఇల్లు కాదు, ఎవరో కొత్తగా తయారుచేసిన చాయ్ కెటిల్. ఎనిమిది మెట్లెక్కి పైకి పోతే నేరుగా కెటిల్ మూతిలో పడతాం.

"మంచి ఇల్లు," అంది శైలజ. "చుట్టమొస్తే చాయ్‌కి కొదువలేదు."

"చక్కెర కోసం మాత్రం మళ్లీ కిందికి దిగాలేమోనండీ," అంది కౌముది.

అనేసింది. అండీతో సహా. టెంటు కింద తలలన్నీ తిరిగాయి.

వెనక వరసలోంచి ఎవరో అన్నారు: "అమ్మో, గీమెకు మాటలొస్తయా! మూగపిల్ల అనుకుంటిమి గదనే!"

అందరూ గొల్లుమన్నారు. అందరికంటే ఆఖరున మొదలుపెట్టి, అందరూ ఆపాక కూడా నవ్వుతూనే ఉన్నది కౌముది.

ఇద్దరూ కలిసి ఇన్నయ్య మీదికి పోయారు. "కాకా, ఇదేం అతుకు?" అని శైలజ కాగితాలు ముందు పెట్టింది. ఇన్నయ్య కళ్లజోడు సవరించుకుని, నాలిక కరుచుకుని, సొరుగు లాగాడు. సొరుగు నిండా సగం కాగితాల నకళ్లే. ప్రతిదాని వెనకా పెన్సిలు రాత. శైలజ ఒక్కొక్కటే తిప్పి పైకి చదివింది.

"సుందరరావు సార్, లైబ్రేరియన్ సార్. ఆరేండ్ల సంది మాటల్లేవు. చిట్టెమ్మ, ఎంకన్న. నల్లా కాడ కొట్లాడిండ్రు. కిటికీ పిల్ల, శైలజమ్మ. ఒకామె మాట్లాడదు, ఒకామె రోజూ ఊరు యాద్జేసుకుని ఏడుస్తది."

శైలజ ఆ కాగితాన్ని బోర్లించేసింది. తను ఏడుస్తున్నట్టు తన పక్కన కూర్చునే పదిమందికీ తెలియదు.

"మొత్తం కాగితం ఇచ్చేయొచ్చు కదండీ?" అంది కౌముది.

"మొత్తమిస్తే ఇంటికి తీస్కపోయి సదువుకుంటరు. ఇగ నన్నెవలు అడుగుతరు, ఒకల్నొకలు ఎందుకు అడుగుతరు?"

సొరుగు అడుగున ఇంకొకటి ఉంది. ఆ మూడు కాళ్ల కుర్చీదే, ఇంకో నకలు. వెనక "ఇన్నయ్య" అని రాసి, పక్కన ఖాళీ వదిలేసి ఉంది. ఆయన దాన్ని గబుక్కున లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కౌముది దరఖాస్తు అందుకుని, స్కేలు పెట్టి నిలువునా సర్రున చింపాడు.

"ఒక సగం నీకు. ఒక సగం శైలజమ్మకు. రెండు జమైన నాడు తీస్కరాండ్రి, ముద్ర ఏస్త."

ఇన్నేళ్లయినా శైలజ తన సగం ఇవ్వలేదు, కౌముది గుంటూరు పోలేదు. ఎన్నిసార్లు అడిగినా "ఇంట్ల యాడనో పెట్టిన" అంటుంది. ఆమె జనగామలో పాఠాలు చెబుతోంది, కౌముది రామంతాపూర్‌లో చెబుతోంది. క్లాసులో కౌముదిని ఆపడం కష్టమని పిల్లల ఫిర్యాదు.

ఇన్నయ్య రిటైరై బౌద్ధనగర్‌లో రెండో అంతస్తు మీద ఒక్క గదిలో ఉంటున్నాడు. పొద్దున పదింటికి కౌముదికీ శైలజకూ ఫోన్‌లో ఒక ఫొటో పంపుతాడు. ఫొటోను సగానికి కోయడం ఆయనకు చేతకాదు. అందుకని సగం మీద బొటనవేలు అడ్డం పెట్టి తీస్తాడు. వేలి కింద ఏముందో చూడటానికి ఆదివారాలు ఇద్దరూ అక్కడికి పోతారు. ఇదివరకు ఆయన గదిలో ఒక్కటే కుర్చీ ఉండేది. ఇప్పుడు మూడున్నాయి.