రాహేలవ్వ ముందే వచ్చి వెళ్లిన వారం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. మాది నిజామాబాద్‌లో మెథడిస్టు కుటుంబం. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట ఎత్తితే మా నాన్న కంచం ముందునుంచి లేపి పంపేవాడు. పెద్దయ్యాక నేను బడిలో సైన్సు పాఠాలే చెప్పాను. ఇప్పుడు కూడా దయ్యాలను నమ్మను. పైగా నేను చెప్పబోయేది చనిపోయినవాళ్ల గురించి కాదు. అప్పటికి నిక్షేపంగా బతికే ఉన్న మా అత్తగారి గురించి.

ఆమె పేరు రాహేలు. అందరూ రాహేలవ్వ అనేవాళ్లు. రుద్రూర్ దగ్గర చెరుకు చేలల్లో కూలి చేసి నా భర్త డేవిడ్‌ని చదివించింది. మాతోనే ఉండేది. గట్టిగా మాట్లాడేది. తంబాకు నమిలేది. ఎడమ చేతిమీద చనిపోయిన మా మామ పేరు, మోషే అని, పచ్చబొట్టు ఉండేది. రాసినవాడికి అక్షరాలు సరిగ్గా రావేమో, 'షే' తలకిందులుగా పడింది.

తొంభైల చివర్లో నిజాంసాగర్ నీళ్లు కనపడే చోట ఒక రిసార్టు వచ్చింది. టైంషేర్ పద్ధతి. ఏటా ఒక వారం అందులో ఒక ఇల్లు మనది. మాకు దసరా సెలవుల్లో వారం ఇచ్చారు. ఆ వారం కొన్నవాళ్లే ప్రతి సంవత్సరం వస్తారు కాబట్టి నాలుగేళ్లు పోతే చుట్టాల్లా అయిపోతారని అమ్మినతను చెప్పాడు. డేవిడ్‌కి ఆ మాట నచ్చింది. నాకు గుబులు పుట్టింది. ఆ చుట్టాల మధ్య మా అత్త కూర్చుని ఉండటం నా కళ్లముందు మెదిలింది.

మొదటి సంవత్సరం మేం వెళ్లలేదు. ప్రయాణానికి ముందు అత్తకు జ్వరం వచ్చింది. ఆ వారమంతా ఆమె లోపలి గదిలో మంచం మీదే ఉంది. మనుషుల్ని గుర్తుపట్టలేదు. గంజి నేనే చెంచాతో పోశాను. బట్టలు నేనే మార్చాను. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. మా ఆడపడుచు వచ్చి నాతోపాటు ఉంది. మేమిద్దరం ఆమెను ఒంటరిగా వదిలింది లేదు. ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

మరుసటేడు దసరాకి ఆమె కోలుకుంది. ఆడపడుచు దగ్గర దింపి వెళదామని నేను మెల్లగా అన్నాను.

"అవ్వ రాకుంటె నేను గూడ రాను" అన్నాడు డేవిడ్.

దారి పొడుగునా నేను పక్కకి తిరిగి చెరుకు చేలు చూస్తూ కూర్చున్నాను. అత్తకు భోజనం గదిలోకే తెప్పిస్తే సరిపోతుందని మనసులో లెక్క వేసుకున్నాను. మోకాళ్ల నొప్పులున్నాయని అందరికీ చెప్పవచ్చు.

అంత అవసరం రాలేదు. దిగి ఇంకా సామాను లోపల పెట్టనే లేదు. భోజనశాల మెట్లమీద ఉన్న ఒకావిడ కొంగు సర్దుకుంటూ పరుగున వచ్చింది. బోధన్ అవతల కాలువ కింద పొలాలున్న ఆంధ్ర కుటుంబం వాళ్లది. పేరు రాజ్యలక్ష్మి అని తర్వాత తెలిసింది.

"పెద్దమ్మగారూ! వచ్చారా! వస్తారో రారో అనుకుంటున్నామండీ" అని మా అత్త రెండు చేతులూ పట్టుకుంది.

వెనకాలే నాందేడ్ నుంచి వచ్చిన ఒక రిటైరైన హెడ్మాస్టరు, "మావశీ ఆల్యా!" అన్నాడు. పిన్ని వచ్చిందని మరాఠీలో లోపలివాళ్లను కేకేశాడు.

ఎవరినో చూసి ఎవరో అనుకుంటున్నారని నేను నవ్వబోయాను. అంతలో మా అత్త ఆ పెద్దమనిషి వైపు తల ఎత్తి, "నీ కుడిచెవు ఇప్పుడు మంచిగ ఇనవడుతున్నదా?" అంది.

ఆయన చెవి తడుముకుని, "ఆపరేషన్ అయింది మావశీ" అన్నాడు సంతోషంగా.

నా నవ్వు ఆగిపోయింది. డేవిడ్ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను.

మధ్యాహ్నం డేవిడ్ ఆఫీసులో అడిగాడు. కిందటేడు మీరెవరూ రాలేదు, మీ ఇంటి తాళమే తీయలేదు అన్నారు వాళ్లు. అతిథులు మాత్రం ఆమెను పగటిపూట చూశామన్నారు. నీళ్లవైపు బెంచీ మీద, భోజనశాలలో. ఏ ఇంట్లో దిగిందో మాత్రం ఎవరూ అడగలేదట. అచ్చం ఇలాంటి ముసలామె మరొకామె వచ్చి ఉంటుందని డేవిడ్ తేల్చేశాడు. నాకూ అదే నమ్మాలనిపించింది.

మర్నాడు పొద్దున పచ్చికలో కుర్చీలు వేసుకుని అందరూ చాయ్ తాగుతున్నారు. మా అత్త అవతల హెడ్మాస్టరు భార్యకు తంబాకు పెడుతోంది. రాజ్యలక్ష్మి గారు నా పక్కన చేరారు.

"మీరు కూతురు కదండీ?" అన్నారు.

ఎందుకో తల ఊపాను. కోడలినని చెప్పడానికి నోరు రాలేదు.

"నిరుడు పాపం ఒక్కరే వచ్చారండీ. చేతిమీద మోషే అని ఉంటే, ఒక అక్షరం తిరగబడిందేంటని అడిగితే తెగ నవ్వారు. ఎవర్నీ తీసుకురాలేదేంటమ్మా అన్నాను. మా కోడలికి నన్ను నలుగురిలోకి తేవడం నామోషీ, అందుకని ముందు నేనే వచ్చి వీళ్లెట్లాంటివాళ్లో చూసిపోతున్నా అన్నారు. ఏం కోడలండీ! అలాంటి మనిషిని చూసి సిగ్గుపడటమా?"

ఆ మాట నేను డేవిడ్‌తో కూడా ఎప్పుడూ అనలేదు.

మా అత్తకు ఎంత వినపడిందో తెలియదు. అక్కడినుంచే గట్టిగా అంది:

"గామె నా బిడ్డ గాదమ్మా, కోడలు. బడిల పాఠం చెప్తది. నాకు పానం బాగలేకుంటె గంజి తాపింది, గుడ్డలు మార్చింది. నా బిడ్డ గూడ గంత చెయ్యది."

రాజ్యలక్ష్మి గారి ముఖం పాలిపోయింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. చాయ్ తాగుతున్నవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. తిట్టి ఉంటే లేచి వెళ్లిపోయేదాన్ని. పొగిడింది కాబట్టి అక్కడే కూర్చోవాల్సి వచ్చింది.

గదికి వచ్చాక తలుపు వేసి అడిగాను. "అత్తమ్మా, నిజం చెప్పు. నిరుడు నువ్వు మంచం మీద ఉన్నవ్. ఇక్కడికి ఎట్ల వచ్చినవ్?"

ఆమె పక్కమీద కాళ్లు చాపుకుంది. "ఏమో బిడ్డా. పండుకున్న. నీళ్లు కనవడ్డయి. గీ మనుషులు కనవడ్డరు. మంచిగ మాట్లాడిండ్రు, నేను గూడ మాట్లాడిన."

"కల వచ్చిందేమో."

"కలల చాయ్ తాగితె నోరు కాల్తదా?" అని నవ్వి అటు తిరిగి పడుకుంది.

కోడలి గురించి ఆమె అన్న మాట నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మిగిలిన రోజులు ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. అది ప్రేమతో చేశానో, అందరూ చూస్తున్నారని చేశానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత సంవత్సరం దసరా దగ్గరపడే నాటికి అత్త మోకాళ్లు నిజంగానే పడిపోయాయి. గడప దాటలేకపోయేది. ఈసారి నేనే బతిమాలాను. కారు మాట్లాడదాం, ఎత్తుకుని కూర్చోబెడతాం, రా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"మీరు నడువుండ్రి" అంది మామూలుగా, తంబాకు నలుపుకుంటూ. "నేను వస్త గద."

మేం వెళ్లలేదు. ఆ వారమంతా నేను ఆమె మంచం పక్కనే చాప వేసుకుని కూర్చున్నాను. పగలంతా ఆమె నిద్రపోతూనే ఉంది. ఒకసారి నిద్రలోనే పెదవులు కదిపి, ఎవరి మాటకో నవ్వింది.

లేపడానికి నాకు చేయి రాలేదు. ఆ తర్వాత మేం మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. ఆమె వచ్చిందా అని అక్కడివాళ్లను ఎవరినీ అడగలేదు.