నడుమెత్తు గట్టు

నా చిన్నప్పుడు తెనాలిలో మా వంటిల్లంతా మా మేనత్తదే. పసితనంలో పోలియో వచ్చి ఆమె కాళ్లు పనిచేయకుండా పోయాయి. అయినా చిన్న పీట మీద కూర్చుని, చేతులతో దాన్ని జరుపుకుంటూ నేలపొయ్యి దగ్గర నుంచి నీళ్ల బిందె దాకా చకచకా తిరిగేది. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆమె వండిన కోడికూర వాసన వీధిలోకే ఎదురొచ్చేది.

ఒక వేసవిలో మా నాన్న బాపట్లలో స్నేహితుడి కొత్త ఇల్లు చూసొచ్చారు. అంతే, మా నేలపొయ్యి పీకించి, నడుమెత్తు గట్టు కట్టించి, దాని మీద కిరసనాయిలు స్టవ్వు పెట్టించారు. ఉప్పూ కారం ఇంకా పైకి, అలమరలోకి వెళ్లాయి. నిలబడి వండటమే నాగరికమట! ఆ ఇంట్లో వండేది నిలబడలేని మనిషని ఆయనకు తట్టనే లేదు.

మేనత్త కిందనుంచి గట్టు వైపు చూసి, "మరి నేనో, అన్నయ్యా?" అంది.

"నీకెందుకమ్మా కష్టం? ఏం కావాలన్నా అడుగు, అందిస్తాం" అన్నారు నాన్న.

పైగా వచ్చినవాళ్లంతా చెల్లెలంటే ఎంత ప్రేమో అని మెచ్చుకోవడం! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చేతిలో పని లాగేసుకోవడం ప్రేమ ఎలా అవుతుంది? బిందె కూడా గట్టెక్కింది కాబట్టి మేనత్త మంచినీళ్లకు సైతం ఎవరో ఒకరిని పిలవాలి. పిలవడం ఇష్టం లేక దాహంతోనే కూర్చునేది.

ఒక ఆదివారం రేపల్లె నుంచి పెదనాన్న వచ్చారు. మా నాయనమ్మ అందరికీ నేలమీద వడ్డించి, నాన్న కంచం మాత్రం నన్ను ఎత్తు స్టూలెక్కించి అటక మీద పెట్టించింది. నాన్న మునివేళ్ల మీద లేచినా అందలేదు. స్టూలు కోసం చూస్తే దాని మీద నాయనమ్మ కూర్చుని ఉంది.

"ఇదేంటమ్మా, అందట్లేదు!"

"అడుగు నాయనా, ఎవరో ఒకరు అందిస్తార్లే. నీకెందుకు కష్టం?"

పెదనాన్న పకపకా నవ్వారు. నాన్న మేనత్త వైపు చూసి తల దించుకున్నారు.

మర్నాడే తాపీమేస్త్రిని పిలిపించారు. కొత్త గట్టు ఎత్తెంతో నాన్న చెప్పబోతుంటే మేనత్త ఆపింది. పీట మీద కూర్చుని, గోడకు మోచెయ్యి ఆనించి, అక్కడ బొగ్గుతో గీత గీసింది.

"ఇక్కడికండి మేస్త్రిగారూ. ఒక్క అంగుళం పెరిగినా ఒప్పుకోను."

ఇప్పటికీ ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుని వంటిల్లు చూపిస్తే, నేను ముందు నేలమీద చతికిలబడతాను. మోకాళ్ల నొప్పులతో ఇదేం పనండీ అని వాళ్లు కంగారుపడతారు. అక్కడి నుంచే చెయ్యి చాపి చూస్తాను. మంచినీళ్లయినా అందకపోతే, ఆ ఇల్లు బాగుందన్న మాట నా నోటివెంట రాదు.