రంగం చీనా పేటలో మా కొట్టు తలుపు

మా చిన్నప్పుడు మా ఇల్లు గోదారి జిల్లాలో లేదండి... రంగూన్‌లో, చీనావాళ్ళ పేటలో. రంగూన్ని మావాళ్ళు రంగం అనేవారు. మా తాత కోరంగిలో ఓడెక్కి వెళ్ళి అక్కడ రేవు కూలీ అయ్యాడు. అక్కడివాళ్ళకి మనమంతా కోరంగీలమే. వాళ్ళు తిట్టులా అనేవారు... నేను గొప్పగానే చెప్పుకుంటాను.

పేటకి దక్షిణాన ఏరు, పడవల రేవు. రేవు నుంచి వీధులన్నీ మన పంటబోదెల్లా వరసగా, తిన్నగా పైకి వెళ్ళేవి. చాలా వీధులకి నంబర్లే పేర్లు. ఇళ్ళు ఇరుకు, మెట్లు నిచ్చెనలా నిటారు.

చీనావాళ్ళలోనూ రెండు రకాలు. పొడుగు చేతుల చొక్కాలవాళ్ళు వర్తకులు, పొట్టి చేతులవాళ్ళు వడ్రంగులు. ఒకరి గుడికి ఒకరు వెళ్ళేవారు కాదు. ఆ ఇద్దరి వాడలకీ మధ్యలో మా నాన్న పప్పుల కొట్టు... పైన మేం.

పక్క కొట్టు వడ్రంగి ఆచాయ్‌ది. నాన్నకి నేస్తం. తెలుగు వచ్చు, అందులో సగం బూతులే... రేవు కూలీల దగ్గర నేర్చాడు మరి.

ఆ ఏడు ఆచాయ్ మంచాలు, బీరువాలు చెయ్యడం మానేశాడు. పొద్దస్తమానం పెట్టెలే... ప్రయాణం పెట్టెలు. కొత్తగా గద్దెనెక్కిన మిలిటరీ సర్కారు కొట్లు తీసేసుకుంటోందని చెప్పుకునేవారు. ఎదురుగా జవుళి కొట్టు ఒకరోజు తలుపు తియ్యలేదు. మర్నాడు దాని పక్కది.

"నీకెన్ని పెట్టెలు చెయ్యమంటావోయ్ కోరంగీ?" అనేవాడు ఆచాయ్.

"ఒక్కటి చాలు. మా ఆవిడ నన్నందులో పెట్టి పంపించేస్తానంటోంది" అని నాన్న నవ్వేవాడు.

ఆచాయ్ నవ్వేవాడు కాదు.

చీనావాళ్ళింట్లో చావొస్తే గుమ్మానికున్న ఎర్ర కాగితాల మీద తెల్ల కాగితం అంటిస్తారు. మైల గుర్తన్నమాట. అది చూస్తే మా అమ్మకి హడల్.

ఒక శుక్రవారం పొద్దున్న... మా కొట్టు తలుపు మీదే తెల్ల కాగితం. ఏవో అక్షరాలున్నాయి. నాన్న సరుక్కని రేవుకి వెళ్ళాడు. అమ్మకి చదువు లేదు, నేను బడికి వెళ్ళిందే లేదు.

"ఎవరింటి మైలో తెచ్చి మన గుమ్మానికి అంటించారు, ముదనష్టపు వెధవలు! నీళ్ళు పట్రారా" అంది అమ్మ.

నేనే తెచ్చాను. కాగితం నాని ఊడిపోయింది. గోకి, కడిగి, గడపకి పసుపు రాసి బొట్టు పెట్టింది. మైల పోయిందనుకున్నాం... ఆయనకి చెప్పి భయపెట్టడం ఎందుకంది అమ్మ.

అది సర్కారు నోటీసండి. మూడు రోజుల్లో వచ్చి సరుకు రాయించుకోమని. వెళ్ళి రాయించుకున్నవాళ్ళని కొన్నాళ్ళు ఉండనిచ్చారు. మా కొట్టుకి నాలుగో రోజున జవాన్లొచ్చారు.

"కాగితం అంటించాం కదా, ఏం చేశావు?" అని బర్మా మాటలో అరిచాడు వాళ్ళ పెద్ద.

నాన్న తలుపు చూశాడు. పచ్చటి గడప చూశాడు. అమ్మ మొహం చూశాడు.

"నేనే చింపేశాను" అన్నాడు.

నా కళ్ళ ముందే మా నాన్నని చెంప మీద కొట్టారు. కొట్టుకి తాళం వేసేశారు. నెల తిరక్కుండా మేం ఓడలో ఉన్నాం.

పాలకొల్లు వచ్చాక నలభై ఏళ్ళు అదే మాట. "సర్కారు కాగితం ఈ చేత్తో చింపి పారేశాను" అని మీసం తిప్పేవాడు. "నీ పొగరే నీ కొంప ముంచింది రా" అని చుట్టాలు ఎత్తిపొడిస్తే "అవును, ముంచింది!" అనేవాడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది... అంతే.

ఇద్దరూ పోయారు. ఇప్పటిదాకా నేనూ నోరు విప్పలేదు.

మొన్న మా మనవరాలు ఫోన్లో ఆ వీధి చూపించింది. నంబరు అదే. మిగతావి ఏవీ పోల్చుకోలేకపోయాను. ఆచాయ్ ఎటు పోయాడో ఎవర్ని అడగాలి...

ఇప్పుడు చిన్న పొరపాటు జరిగితే చాలు, నీవల్లే అంటే నీవల్లే అని వేళ్ళు చూపించుకుంటున్నారు. మీ ఇళ్ళల్లో రంగం నుంచి వచ్చినవాళ్ళుంటే వాళ్ళు చెప్పినవి రాయండి. వాళ్ళు చెప్పకుండా దాచుకున్నవి మీకు తెలిస్తే... అవి ముందు రాయండి.