రెండో గట్టిమేళం

మా మేనమామ పోయాడు. శుక్రవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సులో వచ్చిన మనిషి, ఆదోనిలో నేను పనిచేసే పత్తి జిన్నింగు షెడ్డు వాకిట్లో నిలబడి కేకేసి చెప్పాడు. మిషన్ల మోతలో నాకు మాట వినపడలేదు. అతను నోటి ముందు రెండు చేతులూ పెట్టి, క్లారినెట్టు వాయిస్తున్నట్టు వేళ్లు ఆడించి చూపించాడు. తరువాత ఆ చేతుల్ని కిందికి వదిలేశాడు. అర్థమయింది.

సెలవు అడిగితే మేస్త్రి, "మేనమామే గదప్పా, తండ్రేం కాదు గదా" అన్నాడు. నాకు తండ్రి ముఖం గుర్తు లేదు. ఆ మాట అతనికి చెప్పడం దండగ. నడిచి బయటికి వచ్చేశాను.

మామ గురించి ఊళ్లో ఒక మాట ఉంది. మంచి వాయిద్యగాడు, పాపం, ఆ కచేరి రోజు పొరపాటు చేసి చెడిపోయాడు అని. బతికున్నప్పుడు అన్నారు. మొన్న సంతాప సభలోనూ అన్నారు. ఆ కచేరిలో నేనున్నాను. నేను చూసింది రాస్తున్నాను. ఎవరికి కోపం వచ్చినా నాకు ఫరవాలేదు.

ఆయన పగలు మగ్గం నేసేవాడు. పెళ్లిళ్ల కాలంలో క్లారినెట్టు వాయించేవాడు. మగ్గం గుంటలో కూచున్నప్పుడు కూడా క్లారినెట్టు రీడు, అదే ఊదే చోట బిగించే సన్నటి రేకు, నోట్లో ఒక మూలన ఉండేది, తడి ఆరకూడదని. అందుకని మాటలన్నీ రెండో మూల నుంచి వచ్చేవి. పిల్లలు ఆ మాట తీరును వెక్కిరిస్తే తనూ నవ్వేవాడు. రీడు నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడంటే మాత్రం కోపం వచ్చిందని అర్థం. నా ఎరుకలో అది రెండుసార్లే జరిగింది.

నాకు బడి లేదు. పదిహేడేళ్లు వచ్చాక, మిల్లులో చేరాక, గోడల మీది సినిమా కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. సెలవు రోజు ఎమ్మిగనూరు పోతే మామ మగ్గం పక్కన కూచుని, శనగలు కట్టిచ్చిన కాగితం ముక్క అయినా సరే, చదివి వినిపించాలి. ఆయనకు అక్షరం రాదు. "గట్టిగా సదువు అల్లుడూ. తప్పైనా గట్టిగా సదువు. గొణిగితే అది తప్పని నీకు గూడా తెలీదు" అనేవాడు. ఇప్పుడు ఇట్లా రాస్తున్నానంటే ఆ మాట వల్లనే.

క్లారినెట్టు ముక్కలుగా విడిపోతుంది కదా. ఆ ముక్కలు కలిసే చోట బెండు అరిగితే వదులై గాలి పోతుంది. మామ అక్కడ తన మగ్గం నూలే నాలుగు చుట్లు చుట్టేవాడు. కరువు వచ్చిన ఏడు ఆ నూలు కూడా లేదు. వానలు లేవు, పైరు లేదు, మగ్గాలకు నూలు రాలేదు. నూలు లేదా అంటే ఉంది. ఆదోనిలో ఒక వ్యాపారి గోడౌన్లో తాళం కింద ఉంది. ధర పెరిగేదాకా బయటికి రాదు. ఎమ్మిగనూరులో నేతవాళ్లు గంజి కేంద్రం ముందు వరుసగా నిలబడుతున్నారు. మామ ఇంట్లోనే ఉండే మా అమ్మ కూడా నిలబడింది.

అప్పుడే కచేరి సంగతి వచ్చింది. మద్రాసు నుంచి సినిమా పాటలు పాడేవాళ్లు, వాళ్ల వెంట పెద్ద ఆర్కెస్ట్రా. ఆదోని సినిమా హాల్లో ఆదివారం పొద్దుటి పూట. ఆ కచేరి పెట్టిన సహాయ సంఘానికి అధ్యక్షుడు ఎవరంటే ఆ గోడౌను వ్యాపారే. కరపత్రం తీసుకుపోయి మామకు చదివి వినిపించాను. "నేత బీదల సహాయార్థం" అని ఉంది.

"పాడేటోళ్ల పేర్లుండాయి. ఇచ్చేటోళ్ల పేర్లుండాయి. తీసుకునేటోళ్లకు పేర్లు ల్యావా అల్లుడూ?" అన్నాడు.

"బీదలు అని ఏసినారు గదా మామా."

"అది పేరా?"

శనివారం ఆర్కెస్ట్రాలో క్లారినెట్టు వాయించే అతను జ్వరం తగిలి గుంతకల్లులోనే ఆగిపోయాడు. బదులు ఎవరున్నారని అడిగితే ఆదోనిలో అందరూ మామనే చెప్పారు. ఊరేగింపు పాట ఒకటుందట, దానికి డోలు కూడా కావాలన్నారు. మామ వెంట ఇరవై ఏళ్లుగా వాయించే డోలు పెద్దాయన కూడా బయలుదేరాడు. వాళ్లను పిలుచుకుపోవడానికి నేనే వెళ్లాను.

బయలుదేరేటప్పుడు క్లారినెట్టు బిగించి చూస్తే వదులుగా ఉంది. చుట్టడానికి ఇంట్లో పోగు లేదు. అమ్మ తన చీర కొంగు అంచులోంచి ఎర్ర పోగు ఒకటి లాగి, పంటితో తెంపి, తనే చుట్టింది.

"సీర పాడు సేసుకుంటివి గదక్కా."

"రేపు ఇస్తారంటలే సీర. మా వీధి ఆడోళ్లను ఎనిమిది మందిని బస్సులో పిల్సకపోతారంట. పాటలినిపిచ్చి సీరలిస్తారంట."

"యాడ ఇస్తారు?"

"నాకేం తెలుసురా. ఆడనే యాడనో."

ఎట్లా ఇస్తారని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మేం చేసిన అసలు పొరపాటు అదీ.

పొద్దున్నే హాల్లో పాట సరిచూసుకున్నారు. మామ ముందు కాగితం స్టాండు పెట్టారు. వయొలిన్ అతను నవ్వుతూ, "నొటేషన్ వచ్చా?" అన్నాడు.

"నాకు నా పేరే సదవను రాదప్పా. ఒక తూరి పాడండి, సాలు."

పాడారు. మామ ఊదాడు. ఆ వయొలిన్ అతను కాగితం స్టాండు తనే తీసి పక్కన పెట్టాడు. ఆర్కెస్ట్రా నడిపించే ఆయన మాత్రం జాగ్రత్త చెప్పాడు. "పెద్దాయనా, ఇది పెళ్లి కాదు. నేను చెయ్యి ఎత్తితేనే అందుకోవాలి."

"పెండ్లిలో గూడా అంతేనయ్యా. సెయ్యి ఎత్తితేనే" అన్నాడు మామ.

ఆయన చెప్పింది నిజం. తాళి కట్టే ఘడియకు పంతులు చెయ్యెత్తుతాడు. ఎత్తగానే మేళం ఏది వాయిస్తున్నా వదిలేసి ఒక్కసారిగా హోరెత్తాలి. ఆ క్షణంలో ఎవరి నోటి నుంచీ చెడు మాట వినపడకూడదు. గట్టిమేళం ఉన్నది అందుకే. ఇరవై ఏళ్లు ఆ చెయ్యిని చూసి చూసి వీళ్లిద్దరికీ ఆలోచనతో పని లేకుండా పోయింది.

కచేరి బాగుంది. నేను అబద్ధం చెప్పను. రాని మనిషి తెల్లకోటు మామకు తొడిగారు. కోటు చేతులు మూడు మడతలు పెట్టుకుని, కుర్చీ అంచున ఉత్త కాళ్లతో కూచున్నాడు. నేను మిల్లు వాళ్లతో వెనక బెంచీల్లో ఉన్నాను. అన్ని వాయిద్యాలు ఒక్కటిగా ఊపిరి పీల్చుకుంటే ఎట్లుంటుందో ఆ పొద్దే విన్నాను. ఊరేగింపు పాటలో మామ క్లారినెట్టు పాడే అమ్మాయి గొంతు పక్కనే నడిచింది, ఎక్కడా ముందుకు తోసుకురాలేదు. "మనోడే! ఎమ్మిగనూరాయన!" అని మా బెంచీలో అరుపులు.

మధ్యలో పాటలు ఆపారు. ఎనిమిది మంది ఆడవాళ్లను వేదిక మీదికి తెచ్చి వరుసగా నిలబెట్టారు. అందరికంటే ముందు మా అమ్మ. పోగు లాగిన కొంగు ముడుచుకుని, ఎటు చూడాలో తెలియక తన కాళ్లనే చూస్తోంది. అధ్యక్షుడు లేచాడు. హాలు గోలగా ఉంది. ఊరుకోండి అని చెయ్యి ఎత్తాడు.

చెయ్యి ఎత్తాడు! డోలు దడదడలాడింది, క్లారినెట్టు హోరెత్తింది. హాలు పగిలిపోయేట్టు నవ్వు. "తలంబ్రాలు ఏయండప్పా!" అని ఎవరో అరిచారు. "పెండ్లికొడుకు ముదురు రోయ్!" అని ఇంకొకరు. మామ నాలుక కరుచుకుని ఆపేశాడు. రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఇక వాయించేది లేదన్నట్టు రీడు విప్పి నోట్లో పెట్టుకున్నాడు. అది పొరపాటు. ఒప్పుకుంటాను. ఆయనా ఒప్పుకున్నాడు.

అధ్యక్షుడు నవ్వు తెచ్చుకుని మొదలుపెట్టాడు. "ఈమెను చూడండి. ఈమె ఇంట్లో పొయ్యి వెలిగి మూడు రోజులైంది. గంజి నీళ్లతో..." అని అమ్మ వైపు తిరిగి, "కొంగు పట్టమ్మా, అందరికీ కనపడేట్టు పట్టు" అన్నాడు.

అమ్మ కొంగు పట్టలేదు. మామ వైపు చూసింది.

అప్పుడు ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఇది గుర్తు పెట్టుకోండి. ఎవరూ ఎత్తలేదు. మామ కుర్చీలోంచి లేచి నిలబడి ఊదాడు. డోలు పెద్దాయన తరువాత నాతో అన్నాడు: "మీ మామ నా దిక్కు సూడనే లేదురా. మీ యమ్మ దిక్కే సూస్తాండె. నేను గూడా ఆయమ్మనే సూసి కొట్టినా."

అధ్యక్షుడి నోరు ఆడుతూనే ఉంది, మాట ఒక్కటీ వినపడలేదు. ఆర్కెస్ట్రా ఆయన చేతులు ఊపాడు. పాడే అమ్మాయి తల వంచుకుంది. మా అమ్మ వేదిక మెట్లు దిగింది. వెనక ఏడుగురూ దిగారు. పెద్దవాళ్ల కుర్చీల మధ్య నుంచి నడిచి పెద్ద తలుపు గుండా బయటికి పోయారు. ఆఖరి ఆమె గడప దాటేదాకా గట్టిమేళం ఆగలేదు. తరువాత మామ తెల్లకోటు విప్పి, మడతపెట్టి, కుర్చీలో ఉంచి వచ్చేశాడు.

పది రోజులకు సంఘం మనిషి ఇంటికి వచ్చాడు. "పొరపాటైందని ఒక్క మాట సెప్పప్పా. అంతా సద్దుకుంటాది. పెద్దిండ్ల పెండ్లిండ్లు నీకే వస్తాయి" అన్నాడు. మామ నోట్లోంచి రీడు తీశాడు. నేను చూసిన రెండుసార్లలో ఇది రెండోది. మొదటిది హాల్లో కొంగు పట్టమన్నప్పుడు. అప్పుడు తీసి, చేత్తో తుడిచి, క్లారినెట్టుకు బిగించి లేచాడు.

"మొదటిది పొరపాటే. ముహూర్తం లేకుండా వాయిస్తిమి. దానికి కాళ్లు పట్టుకొమ్మన్నా పట్టుకుంటా. రెండోదానికి మాత్రం అడగొద్దు. అది నేను వాయించినా."

ఆదోని పెద్దిళ్లలో ఒక్క పెళ్లికీ ఆయన్ని మళ్లీ పిలవలేదు. పేదోళ్ల పెళ్లిళ్లకు, ఉరుకుంద జాతరకు వాయించి బతికాడు. దగ్గు పట్టుకున్నాక ఊపిరి నిలిచేది కాదు. "ఊపిరి తక్కువైతే పాట తగ్గించుకుంటా. ఇంగేం తగ్గించుకోను" అనేవాడు.

మొన్న అదే హాల్లో సంఘం వాళ్లు సంతాప సభ పెట్టారు. పిలిచారు, పోయాం. అమ్మ క్లారినెట్టును ఒళ్లో పెట్టుకుని కూచుంది. డోలు పెద్దాయన డోలు తెచ్చుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. అధ్యక్షుడు అప్పటాయనే. "ఒక్క పొరపాటు తప్ప మచ్చలేని కళాకారుడు" అన్నాడు. అమాయకుడు అన్నాడు. మనం అందరం ఆయన్ని క్షమించాలి అన్నాడు. ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం అని, అందరినీ లేపడానికి చెయ్యి ఎత్తాడు.

చనిపోయినవాడికి గట్టిమేళం వాయించకూడదు. ఆ సంగతి డోలు పెద్దాయనకు నాకంటే బాగా తెలుసు.

డోలు ఒక్కటే మోగింది. క్లారినెట్టు అందుకోవలసిన చోటల్లా ఆయన చేతులు ఆపి, అంతసేపు ఖాళీ వదిలి, మళ్లీ అందుకున్నాడు. ఆ ఖాళీలో కూడా ఎవరూ నోరు తెరవలేదు. అమ్మ లేచి నిలబడింది. భుజానికి ఆనించి పట్టుకున్న క్లారినెట్టు నడుమ, ఆనాడు తను చుట్టిన ఎర్ర పోగు కొస ఊడి, ఫ్యాను గాలికి ఆడుతూ ఉంది.