పెళ్లిరోజు ప్రార్థన

మా అయ్యగారు పోయారు. మంగళవారం పొద్దున సంఘ కార్యదర్శి ఫోన్ చేసి, "అయ్యగారు ప్రభువునందు నిద్రించారమ్మా" అన్నాడు. మా క్రైస్తవుల ఇళ్లలో చావు కబురు అలాగే చెప్తారు. నిద్రించారన్న ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంది. చివరి ఏళ్లలో ఆ మనిషికి కంటినిండా నిద్ర లేదని నాకు తెలుసు. ఎందుకు లేదో కూడా తెలుసు.

సికింద్రాబాదులో మా చర్చికి ఆయన చాలా కాలం పాస్టరుగా ఉన్నారు. నాకూ మా చెల్లెలు గ్రేస్‌కూ బాప్తిస్మమిచ్చింది ఆయనే. నాన్న పోయాక, గ్రేస్‌ను నర్సింగు చదువుకు పంపేది లేదని అమ్మ మొండికేసింది. అయ్యగారు పాత స్కూటరు మీద బోయిన్‌పల్లిలోని మా ఇంటికొచ్చి కుర్చీలో బైఠాయించారు. "పిల్లను పంపుతానని చెప్పేదాకా నేను లేవను. మా ఇంట్లో దోసకాయ పప్పు చల్లారిపోతోంది, ఆ పాపం నీదే" అన్నారు. అమ్మ నవ్వేసింది. గ్రేస్ నర్సయింది.

కోస్తా యాస, గట్టి గొంతు, భుజాన ఎప్పుడూ మడతపెట్టిన తువ్వాలు. నేను పాటల బృందంలో పాడతాను. మేం సాగదీస్తే, "అమ్మాయ్, ప్రభువు రెండోసారి వచ్చేలోగా ఈ చరణం అయిపోద్దా?" అనేవారు. ప్రార్థన పొట్టిగా ఉండాలి, అన్నం వేడిగా ఉండాలి అన్నది ఆయన సిద్ధాంతం. ప్రార్థన పొడిగించే పెద్దలకు ఆ మాట గిట్టేది కాదు.

మా చర్చిలో ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు ఒక ముచ్చట ఉంటుంది. ఆ వారం పెళ్లిరోజు ఉన్నవాళ్లు జంటగా ముందుకొచ్చి కృతజ్ఞత కానుక ఇస్తారు, పాస్టరుగారు వాళ్ల తలల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. మా అయ్యగారి హయాంలో అదొక పండగ. "ఏమయ్యా, ఈ ఏడన్నా ఆవిడ మాట విన్నావా?" అని మొగుణ్ణి ఆటపట్టించేవారు. వెనక బెంచీల్లో కునికేవాళ్లు కూడా అప్పుడు సర్దుకుని కూర్చునేవారు.

నర్సయ్యాక గ్రేస్ సుజాతతో కలిసి సైనిక్‌పురిలో ఇల్లు తీసుకుని ఉంటోంది. సుజాత వాళ్లు మా వీధిలోని హిందువులు, మార్కెట్లో కూరగాయల వ్యాపారం. ఇద్దరూ తమ ఇంట్లోనే ఒకరికొకరు ఉంగరాలు తొడుక్కుని, దాన్నే పెళ్లి అనుకున్నారు. చట్టంలో అలాంటి పెళ్లి లేదు, మా చర్చిలో అసలే లేదు. నాకు తెలుసు. అమ్మ తెలిసీ తెలియనట్టుండేది. వాళ్ల పెళ్లిరోజు వచ్చిన వారం, ఆదివారం ఆరాధనలో అయ్యగారు "పెళ్లిరోజుల వాళ్లు రండి" అని పిలవగానే గ్రేస్ లేచి, సుజాత చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది.

అయ్యగారు వాళ్లిద్దర్నీ చూసి తువ్వాలుతో నుదురు తుడుచుకున్నారు. పొమ్మనలేదు. ఆ ఒక్కటీ నేను బతికున్నంతకాలం మరిచిపోను. ఇద్దరి తలల మీదా చేతులుంచి, "ప్రభువా, ఈ ఇద్దరు సహోదరీల స్నేహాన్ని బట్టి నీకు వందనాలు" అని ప్రార్థించారు. ఆమెన్ అన్నాక గ్రేస్ కదల్లేదు.

"స్నేహానికి కాదు అయ్యగారూ. ఇది మా పెళ్లిరోజు" అంది. మైకులో అందరికీ వినబడింది.

ఆయన మా బృందం వైపు తిరిగి, "పాట ఎత్తుకోండమ్మా" అన్నారు.

ఆ సాయంత్రమే పెద్దల కమిటీ కూర్చుంది. "ఇయ్యాల ప్రార్థన జేసిండ్రు, రేపు ప్రమాణాలు సుత చేపిస్తరా?" అని ఒకాయన లేచాడట. "నేను స్నేహానికే ప్రార్థించాను, మీరంతా విన్నారుగా" అన్నారట అయ్యగారు. ఆ మాటతో ఆయన ఉద్యోగం నిలబడింది. గ్రేస్ మాత్రం మళ్లీ మా చర్చి గడప తొక్కలేదు.

అయినా ఆయన వాళ్లను వదల్లేదు. సైనిక్‌పురి వెళ్లి వస్తూనే ఉండేవారు. ఒకసారి నేను అక్కడున్నప్పుడు వచ్చారు. "రాండ్రి అయ్యగారూ, జెర కూసోండ్రి, చాయ్ పెడ్త" అంది సుజాత. మోకాళ్ల నొప్పుల గురించి, కూరగాయల ధరల గురించి హాయిగా మాట్లాడుకున్నారు. పాస్టరు ఏ ఇంటికెళ్లినా ప్రార్థన చేసే లేస్తారు. ఆయన కళ్లు మూసుకోబోతుంటే గ్రేస్ కప్పు ముందుకు జరిపింది.

"ప్రార్థన వద్దు అయ్యగారూ. టీ తాగండి."

ఆయన కప్పు తీసుకుని తాగారు. సాగనంపడానికి నేను కిందికి వెళ్లాను. స్కూటరు దగ్గర నిలబడిపోయారు.

"ఇంత చదివినా వాక్యం ఏమంటుందో నాకింకా తేలలేదమ్మాయ్. ఇలాంటి పెళ్లి దేవుడికి ఇష్టమని నేను చెప్పలేను. కాదని చెబుదామా అంటే, ఆ ఇల్లు చూశాక నోరు రావట్లేదు. కానీ వాళ్లు అడిగింది ఒకటి, నేను దేవుడికి చెప్పింది ఇంకొకటి. మనుషులతో అబద్ధమాడితే కాళ్లు పట్టుకోవచ్చు. నేను ప్రార్థనలో ఆడాను. పడుకుంటే అదే గుర్తొస్తంది."

నాకు ఒళ్లు మండింది. "నాకు చెప్తే ఏం లాభం అయ్యగారూ? అందరి ముందూ చేసింది అందరి ముందే దిద్దండి" అన్నాను.

"చెప్తానమ్మా. వచ్చే ఆదివారం చెప్తాను."

ఆ ఆదివారానికి తెలంగాణ రాష్ట్రం గొడవల్లో బందు వచ్చింది. తర్వాత బిషప్పుగారు వస్తున్నారన్నారు. ఆ తర్వాత ఈస్టరు. నేను అడగడం, ఆయన తలూపడం. చర్చివాళ్లిచ్చిన క్వార్టరు, మంచాన పడ్డ భార్య... ఆయన భయాలు నాకు తెలియనివి కావు. రిటైరయ్యారు, జబ్బుపడ్డారు, ఆ మాట చెప్పకుండానే వెళ్లిపోయారు. కన్నతండ్రి లేని లోటు తీర్చిన మనిషి. శవపెట్టె మీద తల ఆనించి ఏడుస్తూ కూడా, ఒక్క మాటేగా అయ్యగారూ, అంత బరువా అని లోపల పోట్లాడుతూనే ఉన్నాను.

గ్రేస్ వస్తుందనుకోలేదు. సుజాతను వెంటబెట్టుకుని సమాధుల తోటకు వచ్చింది. జనం తలా పిడికెడు మన్ను వేసి వెళ్లేదాకా గోడ పక్కన నిలబడి, అప్పుడు దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"అక్కా, ఆయన కోసం ప్రార్థన చెయ్యాలనుంది. అబద్ధం లేకుండా చెయ్యాలి. ఆయన గురించి దేవుడికి ఏమని చెప్పను?"

నేను ప్రార్థనకు తల వంచాను.

"షురూ చేస్తున్నవా?" అని సుజాత మెల్లగా అడిగి, ఇందాకటి ఆడవాళ్లను చూసి నేర్చుకున్నట్టే కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, మా అయ్యగారు..." అని మొదలుపెట్టి గ్రేస్ ఆగిపోయింది. సుజాత కొంగు అంచు గడ్డం కింద పట్టుకుని, కళ్లు తెరవకుండా అలాగే నిలబడి ఉంది.