ఏది మంచిగున్నదే?

అరవైల చివర్లో యూనివర్సిటీ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయికి, ఓడల మీద పనిచేసే మేనమామ గోళ్ళరంగులు, పండ్లవాసన వేసే లిప్‌స్టిక్కులు తెచ్చేవాడు. ఆమె ఒక్కో గోరుకు ఒక్కో రంగు వేసుకుని, ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ నా ముందు చెయ్యి చాపేది.

“ఏది మంచిగున్నదే?”

నేను లోపల కుళ్ళుకుంటూ, పైకి కనపడనీయకుండా, అన్నిట్లోకీ వికారమైనదే బాగుందని చెప్పేదాన్ని. ఆమె అదే పది వేళ్ళకూ వేసుకుని తార్నాక బస్టాపుకు వచ్చేది. పాడు రంగు, ఆమెకు అదీ నప్పేది!

ఓ ఆషాఢంలో దగ్గర్లోనే లాలాగూడలో మా బంధువులుండే రైల్వే క్వార్టర్స్ నుంచి గోరింటాకు తెచ్చి రుబ్బాను. గోళ్ళు పండితే ఆ ఎరుపు నెలల తరబడి పోదు, దాని మీద ఆమె సీసాల్లోని లేత రంగులేవీ తేలవు. పెడతానంటే సంబరంగా చేతులు చాపింది. మందంగా పెట్టాను. మిగిలిన ముద్ద నేను పెట్టుకున్నాను.

తెల్లారి కడిగితే ఆమె గోళ్ళు దానిమ్మ గింజల్లా పండాయి. “గీ రంగు నా ఒక్క సీసాల గూడ లేదే!” అని మురిసిపోయింది. నావి వెలిసిన నారింజ రంగులో ఉన్నాయి.

ఆమె నా చెయ్యి తన చేతి పక్కన పెట్టి చూసింది.

“నీదే మంచిగున్నదే” అంది, ఇన్నాళ్ళూ నేను చెప్పినట్టే, మొహం ఏమాత్రం మారకుండా.